పుస్తెలు తాకట్టు పెట్టకండి, చినవాల్తేరు బస్సెక్కండి!

విశాఖ నగరంలోనూ, అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, మానాలని మనసులో ఉన్నా దారి తెలియక తాగుతున్న ప్రతి ఒక్కరికీ...

2024 అక్టోబరులో మన రాష్ట్రంలో కొత్త మద్యం విధానం వచ్చింది. క్వార్టరు 99 రూపాయలకు దొరుకుతుందన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. తాగుడు మాన్పించే వైద్యం ప్రభుత్వాసుపత్రిలో ఊరికే దొరుకుతుందన్న సంగతి మాత్రం ఎవరి చెవినా పడలేదు. ఆ మాట చెప్పడానికే ఈ కరపత్రం.

వైద్యం కోసం మనవాళ్లు పెడుతున్న ఖర్చు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఒకరు పసరు పోయించడానికి ఊళ్లు దాటి వెళ్తారు. ఇంకొకరు తాయెత్తు కట్టిస్తారు. మరొకరు గోడ మీద పోస్టరు చూసి, మెడలో ఉన్నది కుదువ పెట్టి, నెలకు వేలకు వేలు గుంజే ప్రైవేటు సెంటర్లో వదిలి వస్తారు. అక్కడ ఏం జరుగుతుందో మూడు నెలల దాకా తెలియదు. ఇవన్నీ అయిపోయాక, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు, ప్రభుత్వాసుపత్రికి వస్తారు. మొదట ఎక్కాల్సిన గడప ఆఖరిదవుతోంది.

ఒకటి గట్టిగా చెప్పాలి. రోజూ పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ చేతుల వణుకు ఆగని మనిషిని ఉన్నట్టుండి మాన్పించకండి. గదిలో పెట్టి తాళం వేయకండి. అలాంటి శరీరం మద్యానికి అలవాటు పడిపోయి ఉంటుంది. ఆపిన కొద్ది గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు, నాలుగు రోజులకు కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులతో మాట్లాడతారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, కట్టుకున్న భార్యను గుర్తుపట్టరు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే సమయం కాదది. ఆ స్థితి ప్రాణం తీస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అయ్యప్ప మాల, భవానీ మాల వేయించి మాన్పిద్దామనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వేయించండి, తప్పేమీ లేదు. మండలం రోజులు నిష్ఠగా ఉండి ఆ తర్వాత కూడా ముట్టని వాళ్లున్నారు. కానీ మాల వేసే ముందు ఒక్కసారి డాక్టరుకు చూపించండి. అలాగే నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించి ఇంటికి తెచ్చేయకండి. ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో బీ1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో ముందు బీ1 ఇస్తారు, వణుకూ ఫిట్సూ రాకుండా మందులిస్తారు, రోజురోజుకీ వాటిని తగ్గిస్తూ వస్తారు. వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది.

హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో 2020లో తెలంగాణలో కళ్లారా చూశారు. లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం బారులు తీరారు. వాళ్లు తాగింది చెట్టు కల్లు కాదు, ఆల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు. ఆ మందులు కూడా అంతే, ఒక్కరోజులో ఆపితే ఫిట్స్ వస్తాయి. హైదరాబాద్‌లో కూలికి వెళ్లిన మనవాళ్లకు ఈ సంగతి చెప్పండి. వాళ్లకు ఎర్రగడ్డ ఉంది.

మనకు చినవాల్తేరు ఉంది. ప్రభుత్వ మానసిక వైద్యశాల అంటే ఆటో అన్నలందరికీ తెలుసు. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పాత మందుల చీటీలు ఉంటే పట్టుకెళ్లండి. రోజుకెంత తాగుతాడు, ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నది దాచకుండా చెప్పండి. పరువు పోతుందని క్వార్టరును పెగ్గుగా తగ్గించి చెబితే మందు మోతాదు తప్పుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, కాకినాడ, గుంటూరు, తిరుపతి, కర్నూలు, ఎక్కడి వాళ్లయినా సరే, మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ అడగండి. ఈఎస్‌ఐ కార్డున్న కాంట్రాక్టు కార్మికులు ఆ కార్డు మీద అడగండి. ఇవి కాక కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలున్నాయి. పేదలకు డబ్బు లేకుండా వైద్యం చేయడానికే వాటికి ఆ నిధులు వస్తాయి. అక్కడ ఎవరైనా వేలల్లో అడిగితే కలెక్టరుకు రాసివ్వండి.

మీ దగ్గర్లో ఏ కేంద్రం ఉందో తెలియాలంటే 14446కి ఫోన్ చేయండి. వ్యసనాల నుంచి బయటపడటానికే కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్ అది, పైసా ఖర్చు కాదు. అర్ధరాత్రి గొడవ జరిగి ఏం చేయాలో పాలుపోకపోతే 14416, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు. పాడేరు, చింతపల్లి కొండల మీద నుంచి బస్సు పట్టుకుని రావడం కష్టమైన వాళ్లకు ఈ ఫోనే మొదటి ఆసరా. తాగేవాడే చేయాలని లేదు, తల్లి చేయొచ్చు, భార్య చేయొచ్చు.

మరి ఎందుకు వెళ్లరు? రెండు భయాలు.

ఒకటి, "పిచ్చాసుపత్రికి వెళ్తే ఆ ముద్ర పోదు, చెల్లెలికి సంబంధాలు రావు" అని. రోడ్డు మీద పడిపోయినప్పుడు వీధంతా చూసింది కదా, అప్పుడు పోని పరువు ఓపీ చీటీతో పోతుందా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యమే. దానికి వైద్యం పొందడం మన హక్కు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా అందించాలి. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది.

రెండోది పోలీసు భయం. ఒడిశా సరిహద్దు నుంచి దిగే గంజాయి మన కాలేజీ కుర్రాళ్ల జేబుల్లోకి చేరింది. పిల్లాడి సంచిలో పొట్లం కనిపించిన తల్లి బయటికి చెప్పుకోలేక కుమిలిపోతోంది. అమ్మా, వాడుకునేవాడు వేరు, అమ్ముకునేవాడు వేరు. మత్తుమందుల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి మీద వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు పడినా, తనంతట తాను ప్రభుత్వాసుపత్రిలో గానీ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ వైద్యానికి ఒప్పుకుంటే అతన్ని శిక్ష వైపు నెట్టకుండా ఆ సెక్షన్ కాపాడుతుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అందుకే చివరి దాకా చేయించండి. అమ్మేవాడి గురించి చెప్పాలంటే మత్తుమందులను అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ దళానికి 1972 నంబరు ఉంది, అది వేరే పని.

ఇన్ని చెప్పినా కొందరు ప్రైవేటుకే వెళ్తారు. మంచి సెంటర్లు లేకపోలేదు. అయితే డబ్బు కట్టే ముందు గోడల మీద చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం ఉందా? సైకియాట్రిస్టు పేరుందా, ఆయన నిజంగా వచ్చి చూస్తాడా? లోపలున్న మనిషితో ఫోన్లో మాట్లాడనిస్తారా? గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా చట్టం నిషేధించింది. బలవంతంగా గుండు గీయించకూడదు. వెట్టిపని చేయించకూడదు. "మీరు చెప్పండి, అర్ధరాత్రి వచ్చి మేమే ఎత్తుకెళ్తాం" అనేవాళ్లను గుమ్మంలోకి రానివ్వకండి. కొట్టి మాన్పిస్తామనేవాళ్లు వైద్యులు కారు.

"వాళ్లకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి" అని అమ్మే పొడులున్నాయి. అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. డైసల్ఫిరామ్ అనే అసలు మందు ఒకటి ఉంది. అది వేసుకున్న మనిషి మద్యం ముడితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి డాక్టరు ఇస్తాడు. చాటుగా పెడితే అది విషంతో సమానం. తాగాలన్న యావ తగ్గించే వేరే మందులున్నాయి, డాక్టరునే అడగండి.

అన్నా, ఇప్పుడు నీతో ఒక మాట. నీకు సిగ్గు లేదని, పెళ్లాం బిడ్డల మీద ప్రేమ లేదని లోకం అంటుంది. మేమలా అనం. నువ్వు ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నావో మాకు తెలుసు. ఒట్టుతో పోయేదైతే ఎప్పుడో పోయేది. ఆసుపత్రిలో వారం పది రోజులు ఒంటికి, ఆ తర్వాత నెలల తరబడి కౌన్సెలింగ్ మనసుకు. మధ్యలో జారితే వైద్యం దండగయిందనుకుని ఇంట్లో కూర్చోకు, మళ్లీ వెళ్లు, డాక్టరు తిట్టడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగి మానినవాళ్లే నడుపుకునే సమావేశాలున్నాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు.

ఇక మనమంతా కలిసి చేయాల్సిన పని. ఎయిమ్స్ వైద్యులు దేశమంతా సర్వే చేసి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలితే 1993 అక్టోబరులో సారా పోయింది, 1995లో మద్య నిషేధం వచ్చింది, 1997లో అది ఎత్తేశారు. దుకాణం మూయించడం గురించి అంత పోరాడిన మనం, తాగేవాడికి మంచం ఏదని ఏనాడూ గట్టిగా అడగలేదు. సీసా మీద పన్ను వసూలు చేసుకునే ప్రభుత్వానికి ఆ మంచం వేసే బాధ్యత ఉంది.

అందుకే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్దాం. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా సైకియాట్రిస్టు కూర్చోవాలి. మందులు అయిపోయాయి, బయట కొనుక్కోండి అనే మాట వినపడకూడదు. సిగ్గుతో నాలుగ్గోడల మధ్యే తాగుతున్న ఆడవాళ్లకు విడిగా మంచాలుండాలి. ప్రతి మద్యం దుకాణం బోర్డు పక్కనా 14446 అంత పెద్ద అక్షరాలతో రాయాలి. ఈ నాలుగే మన అర్జీలో ఉన్నాయి. సంతకం పెట్టండి, వేలిముద్ర అయినా సరే.

ఈ కాగితాన్ని చించకండి, పొట్లం కట్టకండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. మీ ఇంట్లో అవసరం లేకపోతే పక్కింటి గుమ్మంలో పెట్టండి. అవసరం ఉంటే రేపటి దాకా ఆగకండి, ఇప్పుడే 14446 నొక్కండి.

— మీ వార్డు పొదుపు సంఘాల మహిళలు, యువకులు