ముందు తేదీ చూడండి, తర్వాతే డిలీట్

ఫోన్ నిండిపోయిందనగానే చెయ్యి ముందు ఫొటోల మీదికే పోతుంది. ఒకే పెళ్లి ఫొటో గ్యాలరీలో ఒకటి, వాట్సాప్‌లో మూడు, ల్యాప్‌టాప్‌లో ఇంకొకటి. ఒక్కటి ఉంచి తక్కినవి తీసేయడం సబబే. ఏది ఉంచాలన్న దగ్గరే చాలా ఇళ్లలో నష్టం జరుగుతోంది.

ఫొటో తీసిన క్షణంలోనే కెమెరా ఆ తేదీ, సమయం ఫైలు లోపల రాసిపెడుతుంది. ఎగ్జిఫ్ అనే ఈ పద్ధతి 1995లో జపాన్‌లో వచ్చింది. ఫోల్డర్‌లో ఫైలు పేరు పక్కన కనబడే తేదీని నమ్మలేం, డౌన్‌లోడ్ చేస్తే అది మారిపోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకైతే నాణ్యతా తగ్గుతుంది, లోపలి తేదీ కూడా పోతుంది. 'ఐఎంజీ-20190512-డబ్ల్యూఏ0003' అని ఉందంటే ఆ ఫొటో 2019 మే 12న వాట్సాప్‌లో వచ్చిందని మాత్రమే అర్థం. అందులో కనబడే తాతయ్య షష్టిపూర్తి అంతకుముందెప్పుడో జరిగి ఉండొచ్చు. అసలు ఫైలు చెరిపి దీన్ని మిగుల్చుకుంటే మనవలు ఆ తేదీనే నిజమనుకుంటారు.

ఐఫోన్‌లో 2022 నుంచి డూప్లికేట్లను చూపే ఆల్బమ్ ఉంది. కంప్యూటర్‌కు డూప్‌గురు ఉచితంగా దొరుకుతుంది. అవి పట్టి చూపిస్తాయి, సరే. డిలీట్ నొక్కే ముందు మాత్రం వివరాలు తెరిచి, లోపలి తేదీ ఉన్న పెద్ద సైజు ఫైలు ఏదో మీరే చూసుకోవాలి.

పెళ్లి ఫొటోలతో మరో చిక్కు. ఫోన్లు ఊరిని బట్టి టైము మార్చుకుంటాయి, కెమెరాలు చాలావరకు మార్చుకోవు. వేసవిలో డాలస్ నుంచి వచ్చిన బావగారి కెమెరా మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఆయన ఫొటోలు, ఇక్కడి ఫొటోగ్రాఫర్ ఫొటోలు కలిపి తేదీ వరుసలో పెడితే ఉదయం పదింటి జీలకర్ర బెల్లం ముందురోజు రాత్రి పదకొండున్నరకు తేలుతుంది, గౌరీపూజ కంటే ముందే! ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ కెమెరా ఫొటోలన్నిటినీ ఒకేసారి పదిన్నర గంటలు ముందుకు జరపొచ్చు. కాపీ ఒకటి పక్కన పెట్టుకునే ఆ పని చేయండి.

స్కాన్ చేసిన పాత స్టూడియో ఫొటోలకు స్కాన్ చేసిన రోజే పడుతుంది. ఫొటో వెనక పెన్నుతో రాసినదాన్నీ స్కాన్ చేయండి. రాత లేకపోతే అమ్మమ్మనో పెదనాన్ననో ఈ వారమే అడిగి ఏడాదైనా ఎక్కించండి. ఇకనుంచి కుటుంబ గ్రూపులో ముఖ్యమైన ఫొటో ఏదైనా డాక్యుమెంట్‌గా పంపండి. తేదీ, నాణ్యత రెండూ చెక్కుచెదరవు.