బెరడుపై అక్షరాలు

గత వర్షాకాలంలో ముక్తేశ్వరంలోని ఒక ఇంటివారు నన్ను తమ పెరట్లోని పోకచెట్టు వద్దకు తీసుకువెళ్లారు. బెరడుపై తెల్లని మచ్చ, దానిలో నల్లని సన్నగీతలు. "మౌల్వీ సాబ్, ఇది అలిఫ్, ఇది లామ్. మిగిలినది మీరే చదివి చెప్పండి" అన్నారు ఇంటి పెద్దావిడ. చెట్టు మొదట అగరుబత్తి వెలుగుతోంది. పొరుగాయన మాత్రం అది తెగులని, కత్తితో గీకివేయాలని పట్టుబట్టారు.

ఇద్దరి భావనా సరికాదు. అది లైకెన్. ఒక శిలీంధ్రమూ, ఒక శైవలమూ కలిసి చేసే కాపురం. శిలీంధ్రం గూడు కట్టి తేమను నిలుపుతుంది. శైవలం సూర్యరశ్మితో ఆహారం తయారుచేస్తుంది. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ 1867లో ఈ సంగతి ప్రకటించినప్పుడు తోటి పండితులలో ఎందరో అంగీకరించలేదు.

అక్షరాలవలె కనిపించే రకాన్ని గ్రాఫిస్ అంటారు. గ్రీకు భాషలో 'వ్రాయుట' అనే మాట నుండి వచ్చిన పేరది. ఆ గీతల నుండే శిలీంధ్ర బీజాలు వెలువడతాయి. కొన్నిటిలో గీతలు పొట్టిగా, కొన్నిటిలో వంకరగా, మరికొన్నిటిలో కొమ్మలుగా చీలి ఉంటాయి.

లైకెన్లు పెచ్చులుగా, ఆకులుగా, పోగులుగా పెరుగుతాయి. మన బిర్యానీ మసాలాలోని పత్తర్ కా ఫూల్ ఆకు రకమే. పేరులో రాయి ఉన్నా అది చెట్ల బెరడుపైనా పెరుగుతుంది. పైభాగం బూడిద రంగు, అడుగు నలుపు. యునానీ వైద్యులు దానిని ఉష్నా అంటారు. పోగుల రకానికి శాస్త్రజ్ఞులు పెట్టిన అస్నియా అనే పేరు ఈ అరబీ పదం నుండే వచ్చింది.

లైకెన్ చెట్టు రసాన్ని పీల్చదు. నిలవడానికి చోటు మాత్రమే తీసుకుంటుంది. నీళ్లు చల్లితే తరచుగా పచ్చబడుతుంది. కొబ్బరి కాండం పగిలి ఎర్రగోధుమ రసం కారుతుంటే మాత్రం అది తెగులు. అంబాజీపేట పరిశోధనా కేంద్రంవారికి చూపించాలి.

ఇదంతా వివరించాక పొరుగాయన కత్తి దించారు. పెద్దావిడ కళ్లు చెమర్చాయి. గల్ఫ్‌లో ఉన్న కుమారుని నుండి రెండు నెలలుగా ఫోను లేదట. ఆ గీతలలో ఆమె వెదుకుతున్నది బిడ్డ క్షేమవార్త.

"అమ్మా, చెట్టూ దానిపై మచ్చా అల్లాహ్ సృష్టే. కానీ మనం కోరుకున్న మాటను అందులో చదివితే అది మన వ్రాతే అవుతుంది" అన్నాను.

ఆమె అగరుబత్తి ఆర్పివేశారు. దుఆ చేశాక, ఆమె కుమారునితో పనిచేసేవారి నంబరు కోసం పాత డైరీ తెరిచాము.