దరఖాస్తుకు కాదు, కలిసి చేసిన వ్యాపారానికి మార్కులు వేయండి

చిన్న పరిశ్రమలు జట్టుకట్టి సబ్సిడీ అడిగితే ప్రభుత్వం సభ్యుల సంఖ్య, స్థలం పత్రాలు, ప్రాజెక్టు నివేదిక, బ్యాంకు మదింపు చూస్తుంది. లెక్కకు అందేవి కాబట్టి వీటిలో పక్షపాతానికి తావుండదని అధికారులతో పాటు పరిశ్రమల పెద్దలూ నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. ఈ పరీక్షలో బాగా రాసిన దరఖాస్తు నెగ్గుతుంది. ఆ మనుషులు నిజంగా కలిసి పనిచేస్తారో లేదో ఎవరికీ తెలియదు.

జార్ఖండ్‌లో జంషెడ్‌పూర్‌లోని అగ్రికో నుంచి వెళ్లి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. వెయ్యికి పైగా యూనిట్లున్న ఆ పారిశ్రామిక వాడలో చాలామందికి టాటా మోటార్సే ఆధారం. పక్కపక్క షెడ్లలో లేతు నడిపే ఇద్దరు ఒకే జాబ్ వర్కు కోసం రేటు తగ్గించుకుంటూ పోటీపడతారు. వాళ్లు కలిసి ఉక్కు కొనాలన్నా, ఒకే హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు వాడుకోవాలన్నా ముందు ఒకరిమీద ఒకరికి గురి కుదరాలి. అది ఏళ్లు పట్టే పని. కేంద్ర క్లస్టర్ పథకం 2010 మార్గదర్శకాలు ఉమ్మడి సంస్థలో కనీసం 20 యూనిట్లు ఉండాలన్నాయి, ఏ ఒక్కరి వాటా 10 శాతం మించకూడదన్నాయి, ఉమ్మడి సదుపాయం ఖర్చులో 70 శాతం గ్రాంటు ఇస్తామన్నాయి. వాటా పరిమితి మంచిదే. కానీ అన్నదమ్ముల పేర్లతో, భార్యల పేర్లతో 20 నింపడం ఏమంత కష్టం? ఆ ఇరవైమంది అంతకుముందు కలిసి ఒక టన్ను ఉక్కయినా కొన్నారా అన్న ప్రశ్నకు ఆ అంకెల్లో చోటు లేదు.

కాగితాలు పట్టించుకోకపోతే పైరవీలు పెరుగుతాయంటారు. ఆ భయం నిజమైనదే. అందుకే వేరే కాగితాలు అడగమంటున్నాను. సభ్యుల కొనుగోళ్లలో, అమ్మకాల్లో ఎంత భాగం సంఘం ద్వారా సాగిందో చూపమనండి. అందరికంటే చిన్న సభ్యుడు ఉమ్మడి యంత్రాన్ని ఎన్ని గంటలు వాడుకున్నాడో రిజిస్టరు తీయమనండి. కొనుగోళ్ల, అమ్మకాల లెక్కను జీఎస్టీ రిటర్నులతో సరిచూడవచ్చు. కొత్త సంఘమైతే ముందు చిన్న మొత్తం ఇచ్చి, కలిసి కొన్న బిల్లులు చూశాకే తర్వాతి విడత ఇవ్వాలి.

ఇది ఊహ కాదు. తెలంగాణలోని ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైంది. రైతులు అప్పు అక్కడే తీసుకున్నారు, ఎరువులు అక్కడే కొన్నారు, ధాన్యం అక్కడే అమ్మారు. అందుకే అది నిలిచింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యుల సొమ్ముతో నడిచే సంఘాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో ప్రత్యేక చట్టం చేసింది. మరుసటి ఏడాదే బీహార్ అలాంటి చట్టం తెచ్చింది. బీహార్ నుంచి విడిపోయిన జార్ఖండ్‌కు అది వారసత్వంగా వచ్చింది.

చట్టం చేతిలో ఉంది. ఇక జార్ఖండ్ పరిశ్రమల శాఖ చేయవలసింది ఒక్కటే: దరఖాస్తు మొదటి పేజీలో భవనం నమూనా బదులు ఉమ్మడి వ్యాపారం లెక్క అడగాలి. ఆ లెక్క చూపగల సంఘానికి సొంత స్థలం లేదని సబ్సిడీ ఆపవద్దు.