‘వచ్చారు’ ఎవరికి?

నలభై దాటినా, నేను స్త్రీనా పురుషుడినా అన్న ప్రశ్నకు నా దగ్గర నిలకడైన జవాబు లేదు. ‘నాన్‌బైనరీ’ అన్న మాటను నా విద్యార్థులే పరిచయం చేశారు. విన్న రోజు ఊరట కలిగింది. కొద్దికాలానికే అనుమానం మొదలైంది.

తెలుగులో నేను ‘వచ్చాను’ అంటే అందులో లింగం లేదు. విద్యార్థులు నన్ను ‘వచ్చారు’ అంటారు, అందులోనూ లేదు. ఇంగ్లీషులో సర్వనామాల కోసం జరుగుతున్న పోరాటం మనకు గౌరవ బహువచనంలో ఎప్పుడో తీరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ఎవరికి? నెల్లూరు తీరాన మా కుటుంబానికి రొయ్యల గుంటలున్నాయి. వాటికి కాపలా కాసే అరవై ఏళ్ల యానాదిని మా ఇంట్లో చిన్నపిల్లలు సైతం ‘వచ్చాడు’ అంటారు. అతని భార్యను ‘వచ్చింది’ అంటారు. (ఏకవచనంలో స్త్రీకీ పశువుకూ ఒకే క్రియ కావడం మరో అవమానం.) లింగం చెప్పనక్కరలేని క్రియ కులాన్ని బట్టి అందుతోంది. నా సందిగ్ధాన్ని ఇన్నేళ్లు నిశ్చింతగా మోసింది ‘గారు’ చాటునే.

2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు తమ లింగాన్ని తామే నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులుగా పరిగణించి రిజర్వేషన్లు ఇవ్వమన్నది. చిక్కు ఇక్కడే. యానాదులు ఎస్టీలు, ట్రాన్స్ యానాది తన తెగను వదిలి బీసీ గడిలోకి రావాలా? పట్టపు మత్స్యకారుల బిడ్డ ఇప్పటికే బీసీ-ఏ. ఆ బిడ్డకు కొత్తగా దక్కేదేమిటి? గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారులు హారిజాంటల్ రిజర్వేషన్ అడుగుతున్నది ఇందుకే: ప్రతి కుల కోటాలోనూ విడిగా వాటా ఉండాలని. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో 1 శాతం ఆ పద్ధతిలోనే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆ దారి పట్టాలి.

2019 చట్టం చేసిన నిర్వచనంలో జెండర్‌క్వీర్, హిజ్రా, జోగ్తా ఒకే వరుసలో ఉన్నారు. మొదటిది నాబోటివారికి తరగతి గదిలో దొరికిన మాట. తక్కినవి ఇల్లు వదిలి, గురువునో దేవతనో ఆశ్రయించి గడిపే బతుకులు. ఒకే ధ్రువపత్రంతో ఇద్దరమూ ఒకే సీటుకు పోటీపడితే గెలిచేది నేనే. అందుకే ఆ మాట మీద నాకు అనుమానం. అయితే, ఇదంతా పడమటి మోజని కొట్టిపారేసేవారికి నేను సాక్షిని కాను. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43,769 మంది ‘ఇతరులు’గా నమోదయ్యారు.

ఈమధ్య ఒక దరఖాస్తులో లింగం గడిని ఖాళీగా వదిలేశాను. ఎవరూ అడగలేదు, జీతమూ ఆగలేదు.