హెడ్‌సెట్ లేదా? ఫోన్‌తోనే మొదలుపెట్టండి

గొలుగొండ నుంచి నర్సీపట్నం వెళ్లి చదువుకునే మీకు వర్చువల్ రియాలిటీ అంటే సిటీ పిల్లల వ్యవహారం అనిపించొచ్చు. హెడ్‌సెట్ ధర చూస్తే అనిపించడంలో తప్పేం లేదు. కానీ ఆ రంగంలో ఇంకా తెమలని పని ఒకటుంది: స్పర్శ. కళ్లనీ చెవుల్నీ నమ్మించినంత తేలిగ్గా చేతిని నమ్మించలేకపోతున్నారు. ఈ విద్యనే హాప్టిక్స్ అంటారు.

తెర మీది బొమ్మ సెకనుకు 90 సార్లు మారితే కంటికి చాలు. గట్టి గోడను తాకినట్టు చేతికి తెలియాలంటే మాత్రం బలాన్ని సెకనుకు సుమారు 1000 సార్లు లెక్కగట్టాలి. 2002లో అమెరికాలోని ఎంఐటీ, లండన్‌లోని యూసీఎల్ పరిశోధకులు సముద్రానికి చెరోవైపు కూర్చుని తెర మీది ఒకే పెట్టెను కలిసి ఎత్తారు. అవతలివాళ్లు నెడితే ఇవతలి చేతికి తెలిసింది. అప్పుడు ఎంఐటీ టచ్ ల్యాబ్‌ను నడిపింది మన దేశం నుంచి వెళ్లిన మండయం శ్రీనివాసనే.

అంత ఖరీదైన యంత్రాలు మనకెక్కడివి అంటారా? మామూలు వీఆర్ కంట్రోలర్‌లో ఉండేది వైబ్రేషన్ మోటారు. మీ ఫోన్‌లోనూ ఆ జాతిదే ఉంది. అది చేతిని ఆపలేదు, బరువు మోపలేదు. డిజైనర్ తెలివి అవసరమయ్యేది అక్కడే. ఎత్తుతున్న వస్తువు చేతికంటే కాస్త వెనకబడి కదిలితే చాలు, అది బరువుగా ఉందని మెదడు నమ్మేస్తుంది. పైసా ఖర్చు లేని కిటుకు ఇది!

సాధనకు మంచి సరుకు మన జిల్లాలోనే దొరుకుతుంది. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. చెక్కని కర్రనూ, పూర్తయిన బొమ్మనూ అడిగి చేతిలోకి తీసుకోండి. ఆ గరుకు, ఈ నునుపు ఫోన్ వైబ్రేషన్‌లో ఎలా చెబుతారు? ఆండ్రాయిడ్‌లో అది ఎంతసేపు, ఎంత గట్టిగా రావాలో కొద్దిపాటి కోడ్‌తో రాయొచ్చు (‘ఎంత గట్టిగా’ అన్నది అన్ని ఫోన్లలో పనిచెయ్యదు, చూసుకోండి). రెండు మూడు నమూనాలు చేసి, కళ్లు మూసుకున్న పదిమంది స్నేహితుల చేతిలో పెట్టండి. ఏది గరుకో, ఏది నునుపో అడిగి, ఎవరెక్కడ పొరబడ్డారో రాసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు ఆ కాగితం తీయండి.

‘హాప్టిక్ డిజైనర్ కావలెను’ అనే ప్రకటనలు అరుదు. ఎక్స్‌ఆర్ డెవలపర్, ఇంటరాక్షన్ డిజైనర్ పేర్లతో గేమ్‌లు, శిక్షణ సిమ్యులేటర్లు చేసేచోట వెతకండి. ఇంటర్న్‌షిప్‌కైతే హాప్టిక్స్‌పై పరిశోధన సాగుతున్న ఐఐటీ మద్రాసునూ గుర్తుపెట్టుకోండి. వేలకు వేలు కట్టించుకుని ‘జాబ్ గ్యారంటీ’ అనే కోర్సువాళ్లు కనిపిస్తే మాత్రం, డబ్బు కట్టకముందే అడగండి: ‘నా చేత ఏం తయారు చేయిస్తారు?’