దొరికినవాళ్ల లెక్క సరే, తర్వాత?

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్. ఆ రెండు నెలలూ పోలీసులు, కార్మిక శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ జట్టుకట్టి రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఇటుక బట్టీలు గాలిస్తారు. నెలాఖరున ప్రెస్ మీట్ పెట్టి ఇంతమందిని కాపాడాం, ఇంతమందిని తల్లిదండ్రులకు అప్పగించాం అంటారు. 2015 నుంచి ఇదే వరస. ఇల్లు లేని పిల్లలకూ కుర్రాళ్లకూ ప్రభుత్వం చేయాల్సింది ఇదేననీ, ఈ మూడు శాఖలు ఒకే జీపులో వెళ్తే సమన్వయం కుదిరినట్టేననీ అధికారులే కాదు, వార్త రాసేవాళ్లూ నమ్ముతున్నారు. నా దృష్టిలో ఇది పొరపాటు మాత్రమే కాదు, బాధ్యత తప్పించుకునే తోవ కూడా.

దాడులు అక్కర్లేదని నేననడం లేదు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో వందలమంది బీహార్ పిల్లలు దొరికారు. దాడి జరక్కపోతే వాళ్లు ఆ గదుల్లోనే ఉండేవారు. అయితే రైలెక్కించి పంపిన పిల్లాడి ఇంట్లో ఏం మారింది? అప్పు అలాగే ఉంటుంది, పనికి కుదిర్చిన దళారీ ఆ ఊళ్లోనే ఉంటాడు. తాగొచ్చి కొట్టే తండ్రి నుంచి పారిపోయినవాణ్ణి ఆ తండ్రికే అప్పగించి సంతకం తీసుకుంటే దాన్ని పునరావాసం అంటామా? ఇంటి పరిస్థితి విచారించాకే పంపాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. నెలాఖరు లెక్కకు అంత ఓపిక ఉండదు. ఎంతమంది దొరికారో ప్రతి ప్రెస్ నోటూ చెబుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎంతమంది ఇంకా ఇంట్లోనే ఉన్నారో చెప్పిన నోటు ఒక్కటీ నా కంటపడలేదు.

అసలు చిక్కు పద్దెనిమిదో పుట్టినరోజున మొదలవుతుంది. ముందురోజు వరకు ఆ కుర్రాడు ‘సంరక్షణ అవసరమైన బాలుడు’. దొరికితే ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. మర్నాటి నుంచి స్త్రీ శిశు సంక్షేమ శాఖకు అతనితో పనిలేదు. ఫుట్‌పాత్ మీద పడుకుంటే మున్సిపాలిటీ వ్యవహారం. చెయ్యిచాస్తే 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం కింద పోలీసుల వ్యవహారం. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముంగిట హైదరాబాద్‌లో బిచ్చగాళ్లను ఏరివేసి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. అంటే జైళ్ల శాఖ కూడా చేరింది. ఇన్ని శాఖలు చెయ్యి వేసినా కుర్రాడి పేరున ఫైలు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

బాలల న్యాయ చట్టం ఈ వయసును పూర్తిగా మరిచిపోలేదు. బాలల హోమ్ వదిలినవాళ్లకు ఇరవై ఒక్క ఏళ్ల వరకు ఆఫ్టర్‌కేర్ ఇవ్వొచ్చంది. అవసరాన్ని బట్టి ఇరవై మూడు దాకా పొడిగించుకోవచ్చని నిబంధనలున్నాయి. ఇందుకు కేంద్ర పథకం మిషన్ వాత్సల్య నెలకు 4,000 రూపాయలిస్తుంది. అమీర్‌పేట హాస్టల్లో షేరింగ్ బెడ్డుకు చాలావరకు అదే అయిపోతుందనుకోండి, అసలు లేనిదానికంటే నయం. మెలిక ఇంకోచోట ఉంది. ఈ సాయం హోమ్‌లో ఉండి బయటికొచ్చినవాళ్లకే. అనాథలకు బీసీ-ఏ హోదా ఇచ్చిన మన ఉత్తర్వుకూ ఇలాంటి షరతే ఉంది: ప్రభుత్వ గుర్తింపున్న అనాథాశ్రమంలోనో పాఠశాలలోనో చేరి ఉండాలి. సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద చిత్తుకాగితాలు ఏరుకుంటూ పెరిగినవాడికి, హోమ్ గోడ దూకి వచ్చేసినవాడికి రెండూ అందవు. గ్రామీణ కౌశల్య యోజనలో చేరుదామంటే అది పల్లె యువతకు. ఆదాయ ధ్రువపత్రానికి చిరునామా కావాలి, రేషన్ కార్డుకు కుటుంబం కావాలి. అవి లేకనే కదా అతను రోడ్డు మీదున్నాడు!

‘వాళ్లు ఎక్కడా నిలవరండీ, తిరుగుడుకు అలవాటుపడ్డారు’ అన్న మాట ఈ రంగంలో తరచూ వినబడుతుంది. తాళం వేసిన గదిలో ఎవరు నిలుస్తారు? వచ్చిపోయేవాళ్ల కోసమే బాలల న్యాయ చట్టంలో ఓపెన్ షెల్టర్ అనే ఏర్పాటు ఉంది. హైదరాబాద్‌లో రెయిన్‌బో హోమ్స్ ప్రభుత్వ బడుల ఖాళీ గదుల్లో నడిచాయి. విద్యాశాఖ గదులిచ్చింది, స్వచ్ఛంద సంస్థ నడిపింది, వీధిలో పెరిగిన ఆడపిల్లలు ఆ బడుల్లోనే చదువుకున్నారు. ఒక శాఖ తన తాళంచెవి ఇంకొకరి చేతికివ్వడం సమన్వయమంటే. కమిటీలకేం కొదవ, రాష్ట్రం నుంచి వార్డు దాకా కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి.

బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత జిల్లాలో ఈ పనులన్నిటినీ పర్యవేక్షించే అధికారం కలెక్టర్ది. మంచిదే. కానీ కుర్రాడు కాజీపేటలో రైలెక్కి విజయవాడలో దిగుతాడు. జిల్లా మారుతుంది, ఇప్పుడు రాష్ట్రమూ మారుతుంది. కలెక్టరు చెయ్యి అంతదూరం చాలదు కాబట్టే ఈ పని రాష్ట్ర ప్రభుత్వాలది. దొరికిన రోజు నుంచి ఇరవై మూడేళ్లు నిండేదాకా కుర్రాడికి ఒకే ఫైలు, దానికి జవాబుదారీగా పేరున్న ఒక ఉద్యోగి ఉండాలి. కుర్రాడు హద్దు దాటితే ఫైలు అవతలి రాష్ట్రానికి వెళ్లేలా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒప్పందం చేసుకోవాలి. షెల్టర్ చిరునామాను తహసీల్దారు ఒప్పుకోవాలి. డబ్బు లేదనడానికి లేదు, వాత్సల్య ఖర్చులో అరవై శాతం కేంద్రానిదే. హోమ్‌లో ఉండి తీరాలన్న షరతును పక్కనపెట్టి, ఆ పథకం అందనివాళ్లకు రాష్ట్ర నిధుల నుంచే ఆఫ్టర్‌కేర్ ఇవ్వడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రెండు ప్రభుత్వాలూ చెరో జీవో తీస్తే చాలు.