మూడో పిన్నును విరగ్గొట్టకండి

తాడేపల్లి వాసులకు, బడి కమిటీల వారికి, నెట్ సెంటర్ల యజమానులకు, సచివాలయ సిబ్బందికి ఒక కంప్యూటర్ మెకానిక్ మనవి

సీపీయూ డబ్బా మీద చెయ్యి వేస్తే జిల్లుమంటోందని ఎవరికైనా చెప్పి చూడండి. "చెప్పులేసుకుని కూర్చోండి" అంటారు. ఎర్తింగ్ జబ్బుకు మన ఊళ్లో జరుగుతున్న వైద్యం ఇదే.

ఆ జిల్లు ఊరికే రాదు. డబ్బాలోకి కరెంటు తీసుకునే ఎస్‌ఎంపీఎస్‌లో రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. ఒకటి ఫేజ్ నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి డబ్బా రేకుకు కలుస్తాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకు ఎర్త్ తీగ పట్టుకుని నేలలోకి పోవాలి. ఆ దారి మూసుకుపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా, రేకు మీదే నిలబడుతుంది. ఆ కరెంటు బహు స్వల్పం కాబట్టి జిల్లుతో సరిపోతుంది. అయితే ఒక్కోసారి అది తీగ ఒలిచిపోయి రేకుకు తగిలిన అసలు షాకే కావచ్చు. ఏది ఏదో చేత్తో ముట్టుకుని తేల్చకూడదు.

మనిషిని వదిలేసిన ఆ లీకు యంత్రాన్ని వదలదు. సిస్టమ్ ఆన్‌లో ఉండగా ప్రింటర్ కేబులో మానిటర్ కేబులో గుచ్చారంటే, రేకు మీదున్నదంతా ఆ సన్నటి పిన్నుల్లోంచి దూకవచ్చు. పోర్టు పోతుంది. బిల్లు మీద మాత్రం "మదర్‌బోర్డు" అని పడుతుంది.

ఒక బడి ల్యాబుకు నన్ను పిలిచారు. ఏడాదిలో మూడు బోర్డులు మార్చారట. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడం లేదని ప్లగ్గులకు ఎర్త్ తీగను కలిపే లావుపాటి మూడో పిన్ను విరగ్గొట్టేశారు. సరే, పిన్నున్నా ఏం లాభం? బయట ఎర్త్ గొయ్యి దగ్గర తీగను పట్టుకునే నట్టు తుప్పుతో రాలిపోయి ఉంది. బోర్డులు మార్చిన మనిషి గోడ వైపు చూడలేదు. నేనూ మొదటి పదేళ్లు చూడలేదు లెండి.

మన నేల సంగతి కూడా చెప్పుకోవాలి. సీతానగరం, ఉండవల్లి కొండల వారగా కట్టిన ఇళ్లకు ఎర్త్ రాడ్డు నాలుగడుగులు దిగేసరికి రాయి తగులుతుంది. మిగతా చోట్ల ఉప్పు, బొగ్గు వేసి నింపిన గొయ్యి వేసవికి పొడిపొడిగా ఎండిపోతుంది. ఎండిన మట్టి కరెంటును లాక్కోదు. అందుకే ఎర్తింగ్ పరీక్ష మే నెలలో పెట్టించమంటున్నాను. వానలు పడ్డాక కొలిస్తే ఏ గొయ్యైనా పాసవుతుంది. బడి ల్యాబులకైతే సెలవులుండేది కూడా అప్పుడే.

ఈ పరీక్ష లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూ, పది శాతం లోపు ఉండాలి. ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించితే ఎక్కడో లోపం ఉన్నట్టే. స్తంభం మీద న్యూట్రల్ ఊడితే 230 రావలసిన చోట 400కు దగ్గరగా రావచ్చు. అప్పుడు ఎర్తింగ్ ఎంత బాగున్నా ఎస్‌ఎంపీఎస్ దక్కదు. లైట్లు ఉన్నట్టుండి మరీ వెలిగితే ముందు మెయిన్ కట్టేయండి.

రిపేరు షాపు వారిని ఇక మీదట ఒకటి అడగండి: కొలిచి, బిల్లు మీద రాసివ్వమనండి. ఎస్‌ఎంపీఎస్ పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు, ఎరుపు తీగ మీద 5 వోల్టులు సరిగా వస్తున్నాయా? ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూశారా? ఈ అంకెలు లేకుండా బోర్డు మార్చాలంటే ఒప్పుకోకండి. మార్చిన పాత బోర్డు మీ చేతికి ఇమ్మనండి. మీరు మాత్రం ఎస్‌ఎంపీఎస్ మూత విప్పకండి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపల 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఈ కాగితం వెనక వైపు ఖాళీగా వదిలాం. ఎలక్ట్రీషియన్ చెప్పిన మూడు అంకెలూ తేదీతో సహా అక్కడ రాసి, స్విచ్‌బోర్డు పక్కన అంటించండి.